టైరు లోపలి పేరు

కిందటి వారం పెంచలకృష్ణను షెడ్డు ముందు వదిలిపెట్టి వచ్చాం. కారు మీద కప్పిన నీలం టార్పాలిన్ అంచు చేత్తో పట్టుకుని, లాగాలా వద్దా అని నిలబడి ఉన్నాడు. పన్నెండేళ్ళుగా ముట్టని ఆ పనికి అతన్ని దింపింది స్నేహితుడు దావీదు అడిగిన ఒక్క మాట. "మా అబిగయీలును పెళ్ళినాడు చర్చికి నీ బండిలోనే తీసకపోవాల పెంచలా" అన్నాడు దావీదు. ఆ బండి మూలంగానే దావీదు ఎడమకాలు మోకాలి దగ్గర వంగకుండా పోయింది. పన్నెండేళ్ళ కిందట కోట ఊరి నుంచి వాకాడు వచ్చే దారిలో ముందు టైరు పేలి, కారు వరిమడిలోకి పల్టీ కొట్టింది. తోలుతున్నది పెంచలకృష్ణ, పక్కన కూర్చున్నది దావీదు. పేలిన చప్పుడు తప్ప ఆ క్షణం పెంచలకృష్ణకు గుర్తులేదు. టైర్లకు కాలం చెల్లిందని నెల ముందే తెలిసినా మార్చకుండా తిప్పినది కూడా పెంచలకృష్ణే. ఈ చివరి సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, భార్య సాయిలక్ష్మికి కూడా.

చివరికి టార్పాలిన్ లాగాడు.

దుమ్ము లేవలేదు. లేవాల్సింది కదా అని ఒక క్షణం అనిపించింది. అనిపించినదాన్ని పక్కకు నెట్టడం అతనికి అలవాటే. కింద ఆ పచ్చ కారు, రెండే తలుపులతో, ముక్కు నేలకు వంచి, పరుగుకు ముందు వంగిన మనిషిలాగా ఉంది. ఇరవై ఏళ్ళ కిందట చెన్నై హార్బరులో పనిచేసే ఒక ఆఫీసరు దగ్గర కొన్న జపాను బండి. ప్రమాదం తరవాత నెల్లూరులో దాన్ని బాగు చేయించి, నాలుగు కొత్త టైర్లు వేయించి, తెచ్చి ఇక్కడ నిలబెట్టాడు. మళ్ళీ తోలలేదు. అమ్మనూ లేదు. ఏటా ఆ తేదీ నాడు షెడ్డులోకి వచ్చి, టార్పాలిన్ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు నిలబడి వెళ్ళిపోయేవాడు. ఎవరికైనా చెబితే నవ్వుతారని తెలుసు. కానీ ఆ బండి కదలకుండా ఉన్నంతకాలం తన తప్పు కూడా ఒక చోట కుదురుగా ఉంటుందనీ, తను దానికి కాపలా ఉన్నాడనీ అతనికి లోలోపల ఒక నమ్మకం. మనిషికి అపరాధం కూడా ఒక ఆస్తే. దాన్ని దాచుకున్నవాడికి అది కాస్త గౌరవం ఇస్తుంది.

తాళంచెవి తిప్పితే రెండోసారికే ఇంజను అందుకుంది. వారం కిందట మెకానిక్ మునెయ్య వచ్చి బ్యాటరీ ఛార్జి చేసి పోయినాడని సాయిలక్ష్మి చెప్పింది. సీట్లో కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకు కొట్టుకున్నాయి. సీటు బాగా ముందుకు జరిపి ఉంది. లివరు లాగి వెనక్కి తోసుకున్నాడు. టైరు కొలత రాసుకుందామని కాయితం వెతుకుతూ ఉంటే వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది. "రెండొందల అయిదు, యాభై, పదహారు." కూర తిప్పుతూనే చెప్పింది. షెడ్డు ఊడ్చేటప్పుడు చూసి ఉంటుందనుకున్నాడు.

నాయుడుపేట దారి పొడుగునా మబ్బు పట్టి ఉంది. కార్తీకం వానలు ఇంకా దిగలేదు గానీ గాలిలో తడి ఉంది. నలభై దాటనివ్వకుండా తోలాడు. బండి చేతిలో మెత్తగా ఒదిగింది. భయపడాలని సిద్ధపడి వచ్చినవాడికి భయం రాకపోవడం ఇబ్బందిగానే ఉంటుంది. పిలిచిన చుట్టం రాకపోతే వాకిట్లో నిలబడ్డట్టు, పెంచలకృష్ణ దారంతా తన భయం కోసం ఎదురుచూశాడు.

బైపాసు పక్కన అబ్రహాము టైర్ల షాపు అదే చోట ఉంది. రేకులు మారాయి, అబ్రహాము జుట్టు తెల్లబడింది. ఆనాడు టైర్లు మార్చమని చెప్పినది ఈ మనిషే. సైడు గోడ మీద పగుళ్ళను గోటితో చూపించి, ఈ వారంలోనే మార్చెయ్యండి సార్ అన్నాడు. ఆ వెడల్పు టైరు అప్పుడు షాపులో లేదు. కాస్త సన్నవి ఉన్నాయి, అవి వేసుకుని తిరగమన్నాడు. సన్న టైర్లు వేస్తే బండి బక్కచిక్కినట్టు కనపడుతుందని పెంచలకృష్ణ ఒప్పుకోలేదు. చెన్నై నుంచి సరైన కొలత వచ్చేదాకా ఆగుతానన్నాడు. అవి రాకముందే పాతవి పేలాయి. అంతే జరిగింది. అందంగా కనపడాలన్న చిన్న ముచ్చట. పెద్ద పాపాలు చేసినవాళ్ళకు కారణాలైనా పెద్దవి దొరుకుతాయి. తనకు దొరికిన కారణం ఇంత చిన్నదని పన్నెండేళ్ళు సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గుతోనే మళ్ళీ ఈ షాపు గడప తొక్కలేదు.

అబ్రహాము అతన్ని చూసి లేచి నిలబడ్డాడు. కారును చూసి మాత్రం ఆశ్చర్యపోలేదు. బానెట్ మీద చెయ్యి వేసి, వాకిట్లోకి వచ్చిన తెలిసిన ఆవును నిమిరినట్టు నిమిరాడు. కుశలప్రశ్నలు అయ్యాక పెంచలకృష్ణ పని చెప్పాడు. నాలుగూ మార్చాలి, వచ్చే బుధవారం దావీదు కూతురి పెళ్ళి, పెళ్ళికూతురు ఈ బండిలోనే చర్చికి వెళ్ళాలి.

అబ్రహాము గుడ్డ భుజాన వేసుకున్నాడు. చుట్టూ తిరిగి వచ్చి, ఒక్కో టైరు దగ్గరా వంగి వేలితో గాడి లోతు చూశాడు.

"ఇవి ఇంకా పోతాయి సార్. తొందరేం లేదు" అన్నాడు.

పెంచలకృష్ణకు నవ్వు వచ్చింది. ఈ మాట చెప్పేది ఈ మనిషేనా అనిపించింది. పన్నెండేళ్ళ టైర్లు ఇంకా పోతాయా, ఆనాడు ఆరేళ్ళవే పనికిరావంటివే అని అడిగాడు. అబ్రహాము తల గోక్కున్నాడు. టైరు రూపు చూసి కాదు, వయసు చూసి మార్చాలని ఆనాడు తాను చెప్పిన మాట నిజమేననీ, ఇప్పుడు వీటి సంగతి వేరనీ ఏదో నసిగాడు. పెంచలకృష్ణ వినలేదు. ఏ టైర్లు ఉన్నాయో చూపించమన్నాడు.

రెండు రకాలు బయటికి వచ్చాయి. ఒకటి ఈ బండికి సరిగ్గా సరిపోయే వెడల్పు టైరు. వెనక గదిలో కవరు కూడా విప్పకుండా నాలుగు ఉన్నాయి, నల్లగా నిగనిగలాడుతూ. ఈ కొలత ఇప్పుడు ఎవరూ అడగరనీ, ఏడేళ్ళ కిందట తెప్పించుకున్న ఆసామి రాకపోతే అట్లనే ఉండిపోయాయనీ అబ్రహాము దాచకుండా చెప్పాడు. రెండోది మామూలు కార్లకు వేసేది, ఒక వేలు సన్నం, కాస్త ఎత్తు. బండి నడకకు ఏ తేడా రాదు గానీ చక్రం మీద ఆ నిండుదనం కనపడదు. అది తయారయి మూడు నెలలు కూడా కాలేదు.

"చెప్పు కొలతకు సర్దుకుంటారు, చొక్కా కొలతకు సర్దుకుంటారు. బండి కొలతకు మాత్రం సర్దుకోరు మీ కారోళ్ళు" అన్నాడు అబ్రహాము. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, లేకపోవడమే గుచ్చుకుంది.

పెంచలకృష్ణ నిగనిగలాడే టైరు మీద బొటనవేలి గోరు నొక్కాడు. గోరు దిగలేదు. రబ్బరు కొయ్యలా గట్టిపడింది. మూడు నెలల దానిమీద నొక్కాడు. మెత్తగా దిగి, మళ్ళీ పైకి లేచింది. రొయ్యల హాచరీలో అతని పని కూడా ఇట్లాంటిదే. రొయ్యపిల్లలను గాజుబీకరులో దీపానికి అడ్డంపెట్టి చూసి, పైకి అన్నీ ఒకటిగా కనపడే వాటిలో ఏవి బతికేవో ఏవి కావో చెప్పాలి. ఒక బ్యాచి ఎదిగేదాకా ఇరవై రోజులు సముద్రం ఒడ్డునే మకాం ఉండి ఇతరుల సరుకులో లోపం పట్టేవాడు, తన ఇంట్లో దేన్నీ వంగి చూడలేదు. ఈ ఆలోచన అతనికి అప్పుడు రాలేదు. ఇంకో పావుగంటకు వస్తుంది.

"సన్నవే వెయ్యి" అన్నాడు.

అన్నాక ఒంట్లో బరువు దిగినట్టయింది. పన్నెండేళ్ళ కిందట అనాల్సిన మాట ఇప్పటికి అన్నాడు. ఇందుకోసమే వచ్చానని అప్పుడు తెలిసింది అతనికి. అబిగయీలు కోసం కాదు, దావీదు కోసం కూడా కాదు. అదే షాపులో, అదే మనిషి ముందు, ఆ మాట మార్చి చెప్పడానికి.

అబ్రహాము కదల్లేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. మరి ఆలస్యమెందుకని అడిగితే, చెప్పాలా వద్దా అన్నట్టు కారు వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని రమ్మని సైగ చేశాడు.

"పన్నెండేళ్ళు నిలబడిపోయిన బండికి టైరు అడుగు చదునైపోతాది సార్. తోలితే దబదబా కొడతాది. దారిలో కొట్టిందా?"

కొట్టలేదు.

"ఇక్కడ నాలుగంకెలుండాయి, చూడండి. ముందు రెండు వారం, వెనక రెండు సంవత్సరం. చదవండి."

పెంచలకృష్ణ కళ్ళజోడు సర్దుకుని, మోకాలు నేలకు ఆనించి వంగాడు. నల్ల రబ్బరు మీద చిన్న గుండ్రటి గీత లోపల అంకెలు ఉబ్బి ఉన్నాయి. సున్నా ఎనిమిది ఇరవై ఒకటి. మళ్ళీ చదివాడు. ఇంకో చక్రం దగ్గరికి వెళ్ళి చదివాడు. నాలుగూ చూసి వచ్చాడు. నాలుగింటి మీదా అవే అంకెలు. రెండువేల ఇరవై ఒకటో సంవత్సరం ఎనిమిదో వారంలో పుట్టిన టైర్లు, రెండువేల పదమూడులో నిలిపిన బండికి ఉన్నాయి. పైగా అరిగి ఉన్నాయి.

"ఎవరు?" అన్నాడు. తన గొంతు మామూలుగానే ఉండటం అతనికి వింతగా తోచింది.

"నేను చెప్పకూడదు సార్. ఒకరికి మాటిచ్చి ఉండాను." అబ్రహాము నేలచూపులు చూశాడు. "అందుకే మార్చొద్దంటిని. టైరు గురించి అబద్ధం చెప్పను, మాటా తప్పలేను. మీరు పట్టుపట్టినారు. ఊడదీస్తే అదే చెబుతాది."

అబ్రహాముకు ఒక పద్ధతి ఉంది. షాపు పెట్టిన కొత్తల్లో ఒకరి టైర్లు ఒకరికి మారిపోయి తగువులు వచ్చేవి. అప్పటినుంచి ఏ టైరు ఎక్కించినా లోపలి గోడ మీద పసుపు పెయింటుతో తెచ్చినవాళ్ళ పేరూ తేదీ రాస్తాడు. ఎక్కించాక ఆ పేరు ఎవరికీ కనపడదు. దారి పొడుగునా చీకట్లో తిరిగి తిరిగి, టైరు ఊడినప్పుడే బయటపడుతుంది. పాతరోజుల్లో పెంచలకృష్ణ పేరు కూడా అట్లా తిరిగింది. నెల్లూరులో వేయించిన టైర్లకు మాత్రం ఏ పేరూ లేదు.

"ఊడదియ్యి" అన్నాడు పెంచలకృష్ణ.

జాకీ లేచింది. మిషను టైరు అంచును రిమ్ము నుంచి నొక్కి విడదీస్తుంటే రబ్బరు ఒకసారి మూలిగింది. అబ్రహాము టైరును పైకి లాగి, నిలువుగా పట్టుకుని, లోపలి వైపు వెలుతురుకు తిప్పాడు. పసుపు రంగు కొంచెం పొట్టు లేచింది. అయినా స్పష్టంగానే ఉంది. సాయిలక్ష్మి. కింద తేదీ, నాలుగేళ్ళ కిందటి ఏప్రిల్‌ది.

పెంచలకృష్ణ స్టూలు మీద కూర్చున్నాడు. స్కూటీ వెనక కూర్చోవడానికే ఆలోచించే మనిషి, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కళ్ళు మూసుకునే మనిషి. నీ టైర్ల పిచ్చి నాకెందుకని ఎన్నిసార్లు అందో. అప్పుడు ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. లేవని దుమ్ము, రెండోసారికే అందుకున్న ఇంజను, ముందుకు జరిగిన సీటు, వంటింట్లోంచి వచ్చిన ఆ మూడు అంకెలు. పొద్దున అవన్నీ తన ముందు నుంచే వెళ్ళాయి. తెలియక కాదు, తెలుసుకోకుండా ఉండటం ఎట్లాగో తెలిసి.

ఇక దాచి లాభం లేదని అబ్రహాము మిగతాది చెప్పాడు. అయిదేళ్ళ కిందట మొదటిసారి వచ్చింది సాయిలక్ష్మక్క. తోలుకుంటూ వచ్చింది ఆమే. పక్కన దావీదు. కాలు చాచుకుని కూర్చుని, క్లచ్చు మెల్లిగా వదులు, మెల్లిగా అని నేర్పిస్తా ఉండినాడు. మరుసటి ఏడు టైర్లు మార్చాలంటే, షాపులో ఉన్న పాత సరుకు వద్దని, సరైన కొలతలో కొత్తవి వచ్చేదాకా మూడు వారాలు ఆగింది. ఆ మూడు వారాలూ బండి కదిలించలేదు, వేరేవాళ్ళ ఆటోలో వచ్చి కనుక్కుని పోయింది. మీరు హాచరీలో మకాం ఉన్న రోజుల్లోనే బండి బయటికి వచ్చేది. యాడికి పోయేవాళ్ళో తనకు తెలియదనీ, అడగలేదనీ అన్నాడు.

"ఇంకెవరికి తెలుసు?"

అబ్రహాము కాస్త తటపటాయించాడు. "వాకాడు రోడ్డులో ఆ పచ్చబండి తెలీనోళ్ళు లేరు సార్. మీకు తప్ప."

భార్య, స్నేహితుడు, దాచిన ప్రయాణాలు. ఇట్లాంటి చోట మగవాడి మనసు వెళ్ళే దారి ఒకటి ఉంది. పెంచలకృష్ణ దానికోసం తనలో వెతుక్కున్నాడు, దొరకలేదు. దొరికి ఉంటే నయమేమో, అది నలుగురూ నడిచిన దారి. అతనిలో లేచినది వేరు. ఎవరో తన ఇంట్లోకి వచ్చి, తాను పన్నెండేళ్ళు తాళం వేసి కాపాడుకున్న పెట్టెను తెరిచి, అందులోనిది రోజూ వాడుకుని, మళ్ళీ జాగ్రత్తగా మడిచి పెట్టి వెళ్ళారు. ఏటా ఆ తేదీన తన అరచెయ్యి ఆనినది ఇంకా వేడి ఆరని బానెట్‌కేమో. తను బాధపడ్డది నిజమే, బండి నిలబడింది మాత్రం అబద్ధం. దావీదు, ఆ దావీదే, వంగని కాలితో ఎడమ సీట్లో కూర్చుని అదే రోడ్డు మీద ఎన్నోసార్లు తిరిగాడు. క్షమించాడన్నమాట. క్షమించి, ఆ సంగతి తనకు చెప్పలేదన్నమాట. చెబితే వీడి దగ్గర ఇంకేం మిగులుతుందని జాలిపడ్డాడా?

ఆ జాలి దగ్గర అతని ఆలోచన ఆగిపోయింది. అక్కడినుంచి ముందుకు పోవడానికి ధైర్యం కావాలి.

బయట నాలుగు చినుకులు రేకుల మీద పడి ఆగాయి. అబ్రహాము ఊడదీసిన టైరును గోడకు ఆనించి, గాడి లోతు ఇంకా మూడు మిల్లీమీటర్లు ఉందనీ, అక్క చాలా పదిలంగా తోలిందనీ, ఎండలో అయితే ఇవే సరిపోతాయనీ చెప్పాడు. మళ్ళీ ఎక్కించమంటారా, కొత్తవి వెయ్యమంటారా అని అడిగాడు.

ఇదే ప్రశ్న గంట కిందట తేలిక. అప్పుడు కొత్తవి వేయడమంటే తప్పు దిద్దుకోవడం. ఇప్పుడు పాతవి ఉంచడమంటే ఆమె చేసినదాన్ని ఒప్పుకోవడం, కొత్తవి వేయడమంటే ఆమె పేరును చెరిపి తన పశ్చాత్తాపాన్ని ఎక్కించుకోవడం. పెంచలకృష్ణ రెండు టైర్లనూ మార్చి మార్చి చూశాడు. తనను కాసేపు పక్కన పెట్టి చూడటం ఎంత కష్టమో అతనికి తెలిసివచ్చింది. చివరికి ఒకే ప్రశ్న అడిగాడు.

"నీ కూతురైతే ఏం చేస్తావు అబ్రహామూ? బుధవారం వాన పడితే?"

"కొత్తవి వేస్తా."

"వెయ్యి."

అబ్రహాము మూడు నెలల టైరును మిషను దగ్గరికి దొర్లించుకుని వచ్చాడు. అలవాటు చొప్పున పెయింటు డబ్బా మూత తీసి, కుంచె ముంచి, టైరు లోపలి గోడ దగ్గర ఆగాడు.

"ఏం పేరు రాయమంటారు?"

పెంచలకృష్ణ ఫోను తీసి సాయిలక్ష్మికి కలిపాడు. మొదటి రింగుకే ఎత్తింది, చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టు.

"టైర్లు దొరికినాయా?" అంది.

"నీ పేరు కనపడింది" అన్నాడు.

అవతల కుక్కరు కూత ఒకటి వచ్చి తగ్గింది. ఆమె స్టవ్ ఆపినట్టు చిన్న టిక్కుమన్న చప్పుడు. కోపంగా ఉండావా అని అడగలేదు. ఎందుకు చేసినావని అతనూ అడగలేదు. ఇరవై రెండేళ్ళు కలిసి ఉన్నవాళ్ళు కాబట్టి, అడగనివి రెండూ ఇద్దరికీ వినపడ్డాయి.

"పొద్దున సీటు వెనక్కి జరపడం మరిచిపోయినా అనుకున్నావు గదా నువ్వు" అంది సాయిలక్ష్మి. "మరిచిపోలేదు. కావాలనే వదిలినా. చూస్తావేమోనని."

అతను జాకీ మీదున్న కారు వైపు తిరిగాడు.

"దావీదన్న ఈ అయిదేళ్ళలో వందసార్లు చెప్పబోయి ఆగిపోయినాడు. నువ్వు మళ్ళా ఆ బండి ఎక్కితేనే చెప్తానన్నాడు నీకు. అందుకే పెళ్ళికి ఆ బండే అడిగినాడు."

"ఏంది చెప్పేది?"

"టైరు పేలి పడలేదంటయ్యా బండి. పడినాకనే పేలిందంట." ఆమె గొంతు తగ్గింది. "ఆ దినం స్టీరింగు మీద ఉండింది నీ చేతులు మాత్రమే కాదంట, దావీదన్న చెయ్యి గూడానంట."

అబ్రహాము ఇంకా కుంచె పట్టుకునే నిలబడి ఉన్నాడు. పసుపు రంగు చుక్క ఒకటి కుంచె కొసన పెరిగి పెరిగి, పేరు రాయని కొత్త టైరులోకి జారింది.